ఉద్యోగానికి రోజూ పొందూరు ఖద్దరు: శ్రీకాకుళంలో కొత్తగా స్థిరపడుతున్నవాళ్ళ కోసం

పొందూరు ఖద్దరు అనగానే తెల్ల పంచె, తెల్ల లాల్చీ, భుజాన కండువాతో నాయకులు గుర్తొస్తారు. లేదంటే శుభకార్యాల్లో పెద్దవాళ్ళకు తాంబూలంలో పెట్టి ఇచ్చే పంచెల చాపు. పొద్దున్నే స్కూటీ ఎక్కి ఉద్యోగానికి వెళ్ళే ఆడవాళ్ళు దాన్ని రోజువారీ బట్టగా వాడితే ఎలా ఉంటుంది, ఎన్ని ఉతుకులకు నిలబడుతుంది, ఇంట్లో ఇంకా దేనికి పనికొస్తుంది అని వివరంగా చెప్పినవాళ్ళు నాకు తారసపడలేదు. ఎండాకాలం మొదట్లో కొని, ఆ ఎండలన్నీ, ఆ తర్వాత వానలన్నీ దానితోనే గడిపాను కాబట్టి నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ ఊరికి ఉద్యోగం మీద కొత్తగా వచ్చినవాళ్ళు మంచం, గ్యాస్ స్టవ్వు కొన్నాక వెంటనే కొనాల్సినవాటిలో ఇది ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మాది కడప. బ్యాంకులో ఉద్యోగం వచ్చి శ్రీకాకుళంలో వేశారు. టౌన్లోనే ఉన్న బలగ పేటలో ఒక డాబా ఇంటి మేడ మీద రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాను. గదులు శుభ్రంగా ఉంటాయి, నీళ్ళకు ఇబ్బంది లేదు, కింద ఓనరు వాళ్ళు ఉంటారు కాబట్టి అమ్మానాయనకు నా గురించి దిగులు లేదు. కానీ పైన స్లాబు తప్ప ఏమీ లేదు. పడకగది కిటికీ పడమటి వైపు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీస్తే పగలంతా దాచిపెట్టిన వేడి ఒక్కసారిగా మొహాన కొడుతుంది.

డిగ్రీల లెక్కలో చూస్తే కడప ఎండే ఎక్కువ. అయితే అక్కడి గాలి పొడిగా ఉంటుంది, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఇక్కడ సముద్రం దగ్గర. గాలిలోనే తడి ఉంటుంది కాబట్టి చెమట ఒంటిమీద అలాగే నిలబడుతుంది. కడపలో నన్ను ఏ ఇబ్బందీ పెట్టని పాలిస్టర్ కలిసిన కుర్తాలు ఇక్కడ పదకొండింటికల్లా వీపుకు అతుక్కుపోయేవి. కౌంటర్లో కూర్చుని, ఎదురుగా క్యూ ఉండగా, మెడ దగ్గర చెమటకాయలు మండుతుంటే చేసే పని మీద మనసు నిలవదు. కొత్త ఉద్యోగం, క్యాషు లెక్క తేడా వస్తుందేమోనన్న టెన్షన్ ఒకపక్క ఉండనే ఉంటుంది. దానికి ఈ ఉక్కపోత తోడైతే సాయంత్రానికి మనిషి నీరసించిపోతుంది.

మా బ్రాంచిలో ఒక సీనియర్ మేడమ్ నా అవస్థ గమనించి, "ముందు ఆ డ్రెస్సులు మానెయ్యమ్మా. పొందూరు ఎంత దూరం? బస్సెక్కి వెళ్ళి గుడ్డ తెచ్చి కుట్టించుకో" అన్నారు. ఆవిడ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వేసవిలో ఖద్దరు చీరలే కడతారట. నేను పాటించిన సలహాల్లో ఇంత త్వరగా ఫలితం కనబడింది మరొకటి లేదు.

శ్రీకాకుళం నుంచి పొందూరు ఇరవై కిలోమీటర్ల చిల్లర. బస్సు హైవే మీద చిలకపాలెం దాకా వెళ్ళి అక్కడ రాజాం వైపు తిరుగుతుంది. రైలు స్టేషన్ కూడా ఉంది, హౌరా-చెన్నై లైన్లోనే, పాసింజర్లు ఆగుతాయి. కానీ శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది కాబట్టి టౌన్లో ఉండేవాళ్ళకు బస్సే సుఖం. నేను రెండో శనివారం సెలవు చూసుకుని వెళ్ళాను. ఆదివారాలు, పండగలు వెళ్ళేముందు అమ్మకం ఉంటుందో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

గుడ్డ గురించి చెప్పేముందు ఆ గుడ్డ ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే ధర చూసి వెనక్కి వచ్చేస్తారు.

అక్కడ ఒక ఇంటి అరుగు మీద నూలు వడికే ఒక పెద్దావిడ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఒళ్ళో పత్తి, చేతిలో ఒక పుల్లకు బిగించిన చిన్న ఎముక. వాలుగ చేప దవడ అది. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంటుంది, లోపలి అంచున సూదిమొనల్లా సన్నటి పళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. గింజతో ఉన్న పత్తిని కొద్దికొద్దిగా తీసుకుని ఆ పళ్ళ మీద దువ్వుతారు. దువ్వుతుంటే దుమ్మూ, ఎండుటాకు తునకలూ రాలిపోయి, పీచు అంతా ఒకే దిక్కుకు తిరిగి మెరుస్తుంది. ఒక్కో గింజ చుట్టూ ఉన్న దూదిని ఇలా దువ్వాల్సిందే. నేను వేలితో ఆ పళ్ళను తాకి చూశాను. గుచ్చుకోవు, కానీ వేలి గీతల్లో పట్టుకుంటాయి. ఇనుప దువ్వెన పెడితే పీచు తెగుతుందని, ఇదైతే తెగకుండా సాపు చేస్తుందని ఆవిడ చెప్పింది.

ఆ తర్వాత గింజ తీయడం, విల్లుతో ఏకడం (దూదిని పొంగించడం), దాన్ని ఏకులు అనే సన్నటి దూది చుట్టలుగా చుట్టడం, ఇవన్నీ చేత్తోనే. చుట్టిన ఏకును ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు, చేతి చెమట, మురికి తగలకుండా. రాట్నానికి దారం చుట్టుకునే కదురు ఒకటే, చక్రానికి 24 ఆకులు (కమ్మీలు). ఆవిడ కుడి చేత్తో చక్రం తిప్పుతూ ఎడమ చెయ్యి పైకి లాగుతుంటే ఆ ఏకులోంచి వచ్చే దారం వెలుతురులో పట్టి చూస్తే తప్ప నాకు కనబడలేదు. అంత సన్నం. పోగు తెగితే ఉమ్మి తడి కూడా తగలనివ్వకుండా రెండు కొసలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ తిప్పుతుంది, అతుకు ఎక్కడుందో తెలియదు. ఆ నూలే చిలపలుగా (నూలు కట్టలుగా) మారి మగ్గానికి వెళ్తుంది.

ఇక్కడే ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. చేనేత అంటే మగ్గం మీద చేత్తో నేసింది, నూలు మాత్రం మిల్లుది కావచ్చు. ఖద్దరు అంటే నూలు కూడా చేత్తో వడికిందే అయివుండాలి. పొందూరుకు పేరు వచ్చింది ఆ వడకడంలోని సన్నతనం వల్లే. గాంధీజీ ఈ గుడ్డ చూసి, దీని సంగతి తెలుసుకుని రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని పంపించారని ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. 1949 నుంచీ ఇక్కడ ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది. వడికేవాళ్ళకు పత్తి ఇచ్చి నూలు తీసుకోవడం, నేతగాళ్ళకు నూలు ఇచ్చి గుడ్డ తీసుకోవడం, అమ్మడం ఇదంతా సంఘం ద్వారా జరుగుతుంది.

వడికేవాళ్ళలో ఎక్కువమంది పెద్ద వయసు ఆడవాళ్ళే. నేను మాట్లాడిన ఆవిడ కోడలు ఈ పని నేర్చుకోలేదు. రోజంతా కూర్చున్నా వచ్చే కూలి చాలా తక్కువ, కళ్ళు లాగుతాయి, నడుము పట్టేస్తుంది. అందుకే ధర ఎక్కువ అని ఎవరైనా అంటే నాకు బాధ కలుగుతుంది. ఈ గుడ్డ మీద ఎంతమంది చేతుల పని ఉందో చూశాక, ఆ ధరలో వాళ్ళకు చేరేది ఇంకా పెరగాలనే అనిపిస్తుంది.

ధర సంగతి సూటిగా చెప్పాలంటే, షోరూముల్లో దొరికే మామూలు కాటన్ కుర్తా గుడ్డకు రెట్టింపు పైనే అవుతుంది. సన్న నూలు రకానికైతే ఇంకా ఎక్కువ. నూలు నంబరునిబట్టి రేటు ఉంటుంది, నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. నూరు నంబరు గుడ్డ చేత్తో పట్టుకుంటే బరువు తెలియదు, చాలా అందంగా ఉంటుంది. కానీ ఆఫీసుకు వేసుకునే కుర్తాకు అది వద్దని నేను చెబుతాను. పల్చన. తెలుపు అయితే లోపల స్లిప్ లేకుండా వేసుకోలేం, స్లిప్ వేసుకుంటే గాలి ఆడే సుఖం సగం పోతుంది. దానికంటే మధ్య రకం నూలు తీసుకోండి. గుడ్డకు కొంచెం ఒళ్ళు ఉంటుంది, రోజూ వాడుకకు తట్టుకుంటుంది, ధర కూడా చేతికి అందుతుంది. సన్న రకం చీరకో, పెద్దవాళ్ళ పంచెకో ఉంచండి. నేను కుర్తాలకు మధ్య రకంలో మూడు రంగులు తీసుకున్నాను: ఏ రంగూ వెయ్యని సహజమైన మీగడ రంగు ఒకటి, లేత నీలం ఒకటి, ఇటిక రంగు ఒకటి. ఆ మీగడ రంగుది ఎర్రపత్తితో నేసిన గుడ్డ, దానికి ఏ అద్దకం లేకుండానే లేత గోధుమ ఛాయ ఉంటుంది, నాకు అన్నిటికంటే అదే నచ్చింది. నేను వెళ్ళిన రోజు రంగుల్లో ఎంపిక తక్కువగానే ఉంది. అద్దాల షోరూముల్లో లాగా వంద రకాలు పరిచి చూపించడం ఇక్కడ ఉండదు. తెలుపులో మాత్రం చూసుకున్నంత.

కొనేటప్పుడు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, తప్పకుండా అడగండి. కొన్ని తానుల పన్నా తక్కువ ఉంటుంది, మామూలుగా రెండున్నర మీటర్లలో అయిపోయే కుర్తాకు మూడు మీటర్లు పట్టవచ్చు. మీ టైలరుతో ముందే మాట్లాడుకుని వెళ్తే మంచిది. గుడ్డ ముడుచుకుంటుంది కాబట్టి కుట్టడానికి ఇచ్చేముందు ఒక రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, అప్పుడు ఇవ్వాలి. రంగు గుడ్డ అయితే విడిగా నానబెట్టాలి. నాకు కుట్టిన టైలరమ్మ పాలకొండ రోడ్డు వైపు ఉంటుంది. ఖద్దరుకు కుట్లు దగ్గర దగ్గరగా వెయ్యాలని, కుట్టులోపల గుడ్డ ఎక్కువ వదలాలని తనే చెప్పింది. పోగులు జారే గుడ్డ కాబట్టి ఓవర్‌లాక్ చెయ్యకుండా ఒప్పుకోవద్దు.

ఇక వేసుకున్నప్పటి సంగతి. మొదటి రోజు చేతికి కొంచెం గరుకుగా అనిపించింది. నాలుగు ఉతుకులు పడ్డాక మెత్తబడింది, ఇప్పుడు ఒంటి మీద ఉన్నట్టే ఉండదు. చేత్తో వడికిన నూలులో పురి అన్నిచోట్లా ఒకేలా పడదు, పోగుల మధ్య సందు ఉంటుంది, గాలి ఆడుతుంది. చెమట పడుతుంది, పట్టదని ఎవరూ చెప్పలేరు ఈ ఊళ్ళో. కానీ గుడ్డ దాన్ని పీల్చుకుంటుంది, ఫ్యాను కిందకు రాగానే ఆరిపోతుంది. వీపుకు అతుక్కోదు. మెడ మీద చెమటకాయలు ఆ నెలలోనే తగ్గిపోయాయి. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయి, బ్రాంచిలో ఇన్వర్టరు మీద రెండు ఫ్యాన్లు మాత్రమే తిరుగుతున్నప్పుడు కూడా నేను కుదురుగా కూర్చుని నోట్లు లెక్కపెట్టగలిగాను. క్యాషు కౌంటర్లో పనిచేసేవాళ్ళకు ఆ కుదురు విలువ తెలుస్తుంది.

ఒకరోజు పింఛను తీసుకోవడానికి ఒక ముసలావిడ వచ్చింది. పొందూరు నుంచి కూతురింటికి వచ్చి ఇక్కడే ఉంటోందట. వేలిముద్ర వేయించడానికి నేను కౌంటరు ఇవతలికి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంటే, ఆవిడ నా కుర్తా చేతి అంచును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూసింది. "ఇది మా పొందూరు గుడ్డే కదేటి తల్లీ?" అంది. అవునమ్మా అన్నాను. "ఎర్రపత్తి. బాగుంది. నాను సిన్నప్పటి నుంచీ వడికినదాన్ని, నాకు తెలీదేటి" అని చాలా సంతోషపడింది. ఇప్పుడు ఎప్పుడొచ్చినా నా కౌంటరు దగ్గరికే వస్తుంది, ఏ రోజు ఏ రంగు వేశానో చూస్తుంది. భాష యాసా కొత్తగా ఉన్న ఊళ్ళో, ఎవరితోనూ పెద్దగా పరిచయం లేని రోజుల్లో, నాతో అంత చనువుగా మాట్లాడిన మొదటి కస్టమరు ఆవిడే.

ఉతుకు దగ్గరికొస్తే ఇది ఓపిక అడిగే గుడ్డ. వాషింగ్ మెషీన్లో వెయ్యకండి. నాకు మెషీన్ లేదు కాబట్టి ఆ సమస్యే రాలేదు, కానీ కొత్తగా ఇల్లు పెట్టి మెషీన్ కొన్నవాళ్ళు కూడా దీన్ని విడిగా చేత్తోనే ఉతుక్కోవాలి. చన్నీళ్ళు, తక్కువ సబ్బు, బండకేసి బాదకూడదు, బ్రష్షు పెట్టి రుద్దకూడదు, తెలుపుకు బ్లీచింగ్ వాడకూడదు. ఇవన్నీ మా ఓనరమ్మ గారు ముందే చెప్పి కాపాడారు. "మెలిపెట్టి పిండకు తల్లీ, పోగు నలిగిపోద్ది. అలా తీగ మీద వదిలెయ్, నీళ్ళు ఒడిసిపోతాయి. నీడపట్టున ఆరెయ్యి, ఎండలో వేస్తే రంగు తేలిపోద్ది" అన్నారు. మా ఇంట్లో అన్నం కుక్కర్లోనే. ఆవిడ మాత్రం ఆదివారం ఎసరు పెట్టి గంజి వారుస్తారు. ఆ గంజి ఒక గ్లాసు నాకు ఉంచుతారు.

గంజి పెట్టడం తెలిస్తే ఈ గుడ్డ అందం రెట్టింపు అవుతుంది. గంజిని పాత పల్చటి గుడ్డలో వడకట్టాలి, మెతుకు తునక ఒక్కటి ఉన్నా ఇస్త్రీ కింద మరకలా అంటుకుంటుంది. బకెట్ సగం నీళ్ళలో కలిపి, ఉతికి జాడించిన కుర్తాను అందులో ముంచి, నాలుగుసార్లు పైకీ కిందకీ ఆడించి తీసి, మడతలు లేకుండా దులిపి తీగ మీద వెయ్యాలి. తెల్లవాటికి ఆ నీళ్ళలోనే రెండు చుక్కలు నీలిమందు. సన్న రకానికి గంజి పల్చగా ఉండాలి, చిక్కగా పెడితే అట్టలా బిగుసుకుపోయి గాలి ఆడదు, అప్పుడు ఖద్దరు వేసుకుని లాభం లేదు. పూర్తిగా ఆరకముందే, కాస్త తడి ఉండగానే ఇస్త్రీకి ఇవ్వాలి. మా వీధి చివర ఇస్త్రీ బండి అతను ఇప్పటికీ బొగ్గుల పెట్టెతోనే చేస్తాడు. ఖద్దరు అని చెబితే పైన ఒక పాత గుడ్డ వేసి రుద్దుతాడు. మామూలు బట్టల కంటే రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటాడు, ఇవ్వడం న్యాయమే.

వానాకాలంలో మాత్రం గంజి మానెయ్యాలి. ఈ తీరంలో వాన మొదలైతే రోజుల తరబడి తెరిపి ఇవ్వదు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం ఉండనే ఉంటుంది. 2018లో తిత్లీ తుపాను ఈ జిల్లాను ఎలా దెబ్బ తీసిందో ఇక్కడివాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. అలాంటి ముసురులో గంజి పెట్టిన బట్ట బీరువాలో పెడితే బూజు పడుతుంది, పురుగు కూడా చేరుతుంది. గంజి లేకుండా ఉతికి, పూర్తిగా ఆరాకే మడతపెట్టి ఉంచాలి. ఒక మంచి సంగతి ఏమిటంటే ఈ గుడ్డ పల్చన కాబట్టి ఇంట్లో తీగ కట్టి ఫ్యాను కింద ఆరేసినా ఒక్క రాత్రిలో ఆరిపోతుంది. నా జీన్సు ప్యాంటుకు మూడు రోజులు పట్టిన ముసురులో కుర్తా పొద్దున్నకు సిద్ధంగా ఉంది.

లోపాలు లేవని చెప్పను. నలుగుతుంది. స్కూటీ మీద వెళ్ళి కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నానికి వెనక భాగమంతా మడతలే. ఇస్త్రీ మడత చెక్కుచెదరకుండా సాయంత్రం దాకా ఉండాలనుకునేవాళ్ళకు ఇది నచ్చదు. పెద్ద ఆఫీసర్లు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే రోజున నేనూ వేరే మిల్లు కాటనే వేసుకుంటాను. బ్యాగు పట్టీ రాసుకునే భుజం దగ్గర, మోచేతుల దగ్గర పోగు ముందుగా పల్చబడుతుంది. నీలం రంగు కుర్తాకు ఇప్పటికే ఆ జాడ కనబడుతోంది. వారానికి రెండుసార్లు వేసుకుంటే ఏడాదిన్నర, రెండేళ్ళు వస్తుందని మా మేడమ్ అనుభవం. రెట్టింపు ధర పెట్టి కొన్నా ఇది పాలిస్టర్ వచ్చినన్నేళ్ళు రాదు. నాకైతే ఒంటికి దొరికిన సుఖం ముందు అది పెద్ద లెక్కలోకి రాదు, మీ లెక్క మీరు చూసుకోండి.

నకిలీల గురించి జాగ్రత్త చెప్పాలి. టౌన్లో ఒక బట్టల షాపులో "అసలు పొందూరు" అని చూపించిన గుడ్డ నేను చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసింది. అచ్చుగుద్దినట్టు ఒకే మందంతో ఉన్న పోగులు, గీత గీసినట్టు ఉన్న అంచు. చేత్తో వడికిన నూలు అలా ఉండదు. గుడ్డను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి, ఒక పోగు సన్నగా, పక్క పోగు కాస్త లావుగా, అక్కడక్కడ చిన్న ఉండలా కనబడాలి. అంచు నుంచి ఒక పోగు లాగి పురి విప్పి చూస్తే, మందం మారుతూ పోతుంది. కాల్చి చూసే పరీక్ష చాలామంది చెబుతారు కానీ, అది పాలిస్టర్ కలిసిందా లేదా చెబుతుంది తప్ప మిల్లు నూలుకూ చేతి నూలుకూ తేడా చెప్పదు. ఖాదీ మార్క్ చీటీ ఉందో లేదో చూడండి. 2013లో వచ్చిన నిబంధనల ప్రకారం ఖాదీ పేరుతో అమ్మే గుడ్డకు ఆ మార్క్ ఉండాలి. మిల్లు గుడ్డకు పొందూరు పేరు పెట్టి తక్కువకు అమ్మితే నష్టపోయేది కొన్నవాళ్ళు మాత్రమే కాదు, ఆ అరుగు మీద కూర్చుని దవడ పళ్ళతో పత్తి దువ్వే ఆవిడ కూడా. అందుకే నేను ఆ షాపులో గట్టిగానే అడిగాను, అతను గుడ్డ మడతపెట్టి లోపల పెట్టేశాడు.

బట్టలే కాకుండా ఇంటికి తీసుకున్నవాటి గురించి. ముతక రకం ఖద్దరు తువ్వాళ్ళు రెండు తెచ్చాను. బొచ్చు తువ్వాలు ఈ తేమలో ఆరక వాసన వస్తుంది, ఇది తీగ మీద వేసిన గంటలో ఆరుతుంది, తల తుడుచుకుంటే నీరంతా లాగేస్తుంది. దుప్పటి కూడా ముతక రకమే. మేడ మీద స్లాబు వేడికి పరుపు కూడా కాగుతుంది, దాని మీద ఈ దుప్పటి పరిచి పడుకుంటే వీపు కింద చెమట నిలవదు. నిద్ర పట్టడానికి ఇంతకుముందు అర్ధరాత్రి అయ్యేది, ఇప్పుడు పదిన్నరకల్లా పడుతోంది. పడమటి కిటికీకి కర్టెన్లు కూడా ఖద్దరువే కుట్టించాలనుకున్నాను కానీ ధర లెక్క వేసుకుని ఆగాను, పైగా రోజూ ఎండ తగిలే చోట పోగు త్వరగా చీకిపోతుందని టైలరమ్మ కూడా వద్దంది. అక్కడ మందపాటి చేనేత గుడ్డ వేశాను, అది సరిపోయింది.

మా నాయనకు సన్న నూలు పంచె ఒకటి తీసుకున్నాను. ఆయన పొలం మనిషి, ఖరీదైన బట్ట కట్టుకోమంటే దాచిపెడతాడు. ఇది మాత్రం దాచలేదు. ఊళ్ళో తిరునాళ్ళకు కట్టుకుని, ఎంత తేలిగ్గా ఉందో నాకు ఫోన్ చేసి చెప్పాడు. అమ్మ వెంటనే "మరి నాకో?" అంది.

ఎవరికి పనికిరాదో కూడా చెబుతాను. చేత్తో ఉతికే తీరిక లేనివాళ్ళు, షిఫ్టు డ్యూటీలతో రోజుకు రెండు జతలు మార్చేవాళ్ళు, ఫీల్డు మీద దుమ్ములో తిరిగేవాళ్ళు దీని జోలికి వెళ్ళకపోవడమే మంచిది, డబ్బు దండగ అనిపిస్తుంది. ఆఫీసులో కూర్చుని పనిచేసేవాళ్ళు, టీచర్లు, లెక్చరర్లు, ముఖ్యంగా పొడి ఎండల ఊళ్ళ నుంచి ఈ తీరానికి బదిలీ మీద వచ్చినవాళ్ళు తప్పకుండా ప్రయత్నించాలి. జీతం ఇంకా ఒకటీ రెండూ నెలలే చేతికొచ్చిందనుకుంటే ఒక్కసారే నాలుగైదు జతలకు కొనవద్దు. మధ్య రకంలో ఒక కుర్తాకో చొక్కాకో గుడ్డ, రెండు ముతక తువ్వాళ్ళు తీసుకుని ఒక నెల వాడి చూడండి. గాంధీ జయంతి నుంచి రిబేటు ఇస్తారు, పెద్ద ఎత్తున కొనాలంటే అప్పటిదాకా ఆగడం లాభం. అమ్మ చీర నేను అప్పుడే తీసుకుంటున్నాను, ఎర్రపత్తి రకంలో చిన్న అంచుతో.